నెలాఖరుకి చదివిన పుస్తకాల లెక్క ఎలా చూసుకోవాలంటే

నెలలో ఆఖరి ఆదివారం, భోంచేశాక కునుకు పట్టేలోపు ఒక అరగంట చాలు దీనికి. ముందుగా ఒక రూలు, పుస్తకాలు ఎదురుగా పెట్టుకోవద్దు, షెల్ఫ్ వైపు కూడా చూడొద్దు. ఒక కాగితం తీసుకుని ఈ నెల ఏమేం చదివామో గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాసేయండి, పేరు తట్టకపోతే "అత్తాకోడళ్ళు రైల్లో పోయే కథ" అని రాసినా నడుస్తుంది.

ఆ తర్వాతే షెల్ఫూ, ఫోనూ, ఈబుక్ యాపూ తీసి చూడాలి. అప్పుడు బయటపడతాయి మనం మర్చిపోయినవి. పోయిన నెల నా కాగితంలో అయిదే ఉన్నాయి, యాప్‌లో చూస్తే ఇంకోటి పూర్తి చేసినట్టుంది, 280 పేజీల డిటెక్టివ్ నవల, హత్య ఎవరు చేశారో కూడా గుర్తు లేదు! రాత్రి పదకొండు దాటాక పడుకుని చదివిందది. అప్పట్నుంచి పేరు పక్కన ఏ టైంలో, ఎక్కడ చదివానో కూడా రాస్తున్నా, బస్సులో చదివినవి బాగానే నిలబడుతున్నాయి నాకు, మంచం మీద చదివినవి నిలబడట్లేదు.

ఎన్ని పుస్తకాలు అనే లెక్కని మాత్రం పెద్దగా నమ్మొద్దు. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఉంది కదా, వంద కథలు, ఒక్కోటి మూడు నాలుగు పేజీలే. నెలంతా కూర్చుని నలభై చదివితే పుస్తకం పూర్తవదు కాబట్టి లెక్కలో సున్నా, ఇదేం న్యాయం? పైగా అవి ఆంధ్రజ్యోతి వీక్లీలో వారం వారం వచ్చిన కథలు, రోజుకి ఇరవై లాగించేస్తే ఏ కథ ఏదో కలిసిపోతుంది. అందుకే కథల పుస్తకాలకి కథలు లెక్కేయండి, నవలకి పేజీలు, కవిత్వానికైతే ఏ లెక్కా వద్దు.

ఏ ఎడిషనో కూడా ఒక ముక్క రాసి పెట్టుకోండి. 'కన్యాశుల్కం' మొదట అచ్చయింది 1897లో, గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసింది 1909లో, రెండూ చాలా తేడా. మనం మామూలుగా చదివేది రెండోది. ఇది తెలీక నేనూ ఒక ఫ్రెండూ గంటసేపు వాదించుకున్నాం, చేతిలో ఉన్నవి వేర్వేరని చివర్లో అర్థమైంది.

ఇక సగంలో వదిలేసినవి. సిగ్గుపడి దాచకుండా వీటికే ఎక్కువ టైం పెట్టండి. ఏ పేజీ దగ్గర ఆగామో రాయాలి, ఎందుకు ఆగామో రాయాలి, "బోర్" అని రాస్తే కుదరదు, అచ్చు మరీ చిన్నదా, పాత్రల పేర్లు కలిసిపోయాయా, యాస అంతుపట్టలేదా అని విడదీసి చూడాలి. మాది కృష్ణా జిల్లా, చిత్తూరు యాసలో కథలు కళ్ళతో చదివితే నాకు ముందుకి పోవు, తలుపేసుకుని పైకి చదివితే మూడో పేజీకల్లా దారిలో పడతా. ఇది నాకు తెలిసింది వదిలేసిన లిస్టులో అలాంటివే మూడు కనపడ్డాకే. చదివించట్లేదు, అంతే అనిపిస్తే లిస్టులోంచి కొట్టేసి పుస్తకం ఎవరికైనా ఇచ్చేయండి.

కొన్నవి వేరే రాయండి. ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం తిరిగిన నెలా, బుక్ ఫెయిర్ నెలా ఈ లిస్టు చదివినవాటి కంటే పొడుగుంటుంది, ఇంట్లోవాళ్ళ కంట పడనివ్వకండి. అరువిచ్చినవీ ఇందులోనే, ఎవరికిచ్చామో పేరుతో సహా, లేకపోతే ఆ పుస్తకం పోయినట్టే.

స్టార్లు గట్రా ఇవ్వాలనుంటే ఇప్పుడిచ్చుకోండి, పుస్తకం మూసిన రోజు అన్నీ అయిదే అనిపిస్తాయి.

అంతా అయ్యాక కాగితం మడిచి వదిలేసిన పుస్తకంలో, ఆగిన పేజీ దగ్గరే పెట్టేయండి, మళ్ళీ తీసినప్పుడు దొరుకుతుంది. నావి రెండు నెలల కాగితాలు ఒకే పుస్తకంలో ఉన్నాయి, 112వ పేజీలో.