విదేశాల్లో మొదటి సెమిస్టర్: మార్కులు ఎక్కడ పోతున్నాయి? సమస్య - పరిష్కారం

విశాఖపట్నంలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఎంఎస్‌కు వెళ్ళినవాళ్ళు మొదటి సెమిస్టర్ సగంలో ఫోన్ చేస్తారు. రూము, వంట, బ్యాంకు అకౌంటు వాళ్ళే చక్కబెట్టుకుంటారు. చిక్కంతా క్లాసులోనే. ఎవరు ఏ సమస్య చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే: "సిలబస్ మొత్తం చదివావా?" దాదాపు అందరూ "పైపైన చూశాను సార్" అంటారు.

దయచేసి మొత్తం చదవండి. అక్కడ ప్రొఫెసర్ మొదటి వారం ఇచ్చే సిలబస్‌లో యూనిట్ల పేర్లతో పాటు హోంవర్కుకు ఎంత శాతం, ఆలస్యమైతే ఎంత కోత, ఆఫీస్ అవర్స్ (ప్రొఫెసర్ తన గదిలో విద్యార్థుల సందేహాలు తీర్చే వేళలు) ఎప్పుడు, ఎవరితో కలిసి పని చెయ్యొచ్చు అన్నీ ఉంటాయి. కింద చెప్పేవాటిలో చాలావరకు ఆ నాలుగైదు పేజీల్లోనే తేలిపోతాయి.

పరీక్ష బాగా రాశాను, గ్రేడు మాత్రం తగ్గింది

ఇక్కడైతే పరీక్షల ముందు ఇంపార్టెంట్ క్వశ్చన్లు చదివి గట్టెక్కుతాం. అక్కడ హోంవర్కు, క్విజ్, క్లాసులో మాట్లాడటం అన్నీ గ్రేడులో కలుస్తాయి. అమెరికాలో చాలాచోట్ల పీజీ విద్యార్థి జీపీఏ 3.0 కంటే దిగితే ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద, పెడతారు. గడువులన్నీ మొదటి వారమే ఫోన్ కేలండర్లో ఎక్కించండి. నోరు పెగలకపోతే ముందురోజే ఒక ప్రశ్న రాసుకుని వెళ్ళి క్లాసు మొదట్లోనే అడిగేయండి.

ఇంగ్లండులో 62 వచ్చిందని బెంగపడేవాళ్ళూ ఉన్నారు. అక్కడ మాస్టర్స్‌లో మామూలుగా 50 వస్తే పాస్, 70 దాటితే డిస్టింక్షన్. ఇంటర్‌లో వెయ్యికి 980 తెచ్చుకున్న అలవాటుతో చూడకండి. 62 మంచి మార్కే.

హోంవర్కుకు సున్నా, పైగా యూనివర్సిటీ నుంచి నోటీసు

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. ఇందులో పడేది బద్ధకస్తులు కాదు, బాగా చదివి నలుగురికీ సాయపడే పిల్లలు.

గాజువాక అబ్బాయి ఒకడు, క్లాసులో ముందు బెంచీలో కూర్చునేవాడు, అమెరికా నుంచి తెల్లవారుజామున ఫోన్ చేశాడు. "సార్, నేను ఎవరిదీ చూడలేదు. అది నేను రాసిన ప్రోగ్రాం కోడే. రూమ్మేట్ రిఫరెన్స్‌కి అడిగితే ఇచ్చాను, అంతే." రెండు ఫైళ్ళూ పంపించమన్నాను. రూమ్మేట్ వేరియబుల్ పేర్లన్నీ మార్చాడు, ఫంక్షన్ల వరస కూడా మార్చాడు. కానీ ఒక కామెంట్‌లో 'లెంగ్త్' స్పెల్లింగులో చివరి రెండక్షరాలు తారుమారయ్యాయి. రెండు ఫైళ్ళలోనూ అదే చోట అదే తప్పు. అది లేకపోయినా దొరికేవాళ్ళే. కోడ్‌ను పోల్చడానికి స్టాన్‌ఫర్డ్ వాళ్ళ మాస్ అనే ప్రోగ్రాం 1994 నుంచీ ఉంది. పేర్లు మార్చినంత మాత్రాన దాన్ని ఏమార్చలేరు. వ్యాసాల్లో కాపీని పట్టడానికి టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చివరికి ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ సున్నాయే.

దీని వేరు మన ల్యాబ్ రికార్డుల్లో ఉంది. సీనియర్ రికార్డు మధ్యలో పెట్టుకుని నలుగురూ ఒక రాత్రిలో రాసేస్తారు, మర్నాడు సంతకం పడిపోతుంది. థియరీలో పుస్తకంలో వాక్యం పొల్లుపోకుండా దించితే ఎక్కువ మార్కులు. అలా పెరిగిన పిల్లవాడికి ఫైలు ఇవ్వకపోవడమే తప్పనిపిస్తుంది. "నేను కాపీ కొట్టలేదు" అని అతను మనస్ఫూర్తిగా అంటాడు, అది నిజం కూడా. అందుకే కారణం ఎంత వెతికినా అతనికి కనపడదు.

ఏం చెయ్యాలంటే, సిలబస్‌లో కొలాబరేషన్ (కలిసి పనిచెయ్యడం) అన్న భాగం ప్రతి కోర్సుకూ విడిగా చదవండి. ఒక ప్రొఫెసర్ చర్చించుకోవచ్చు, కోడ్ చూపించకూడదు అంటారు. మరొకరు అసలు మాట్లాడుకోవద్దంటారు. చాట్‌జీపీటీ సంగతి కూడా అంతే. స్పష్టంగా లేకపోతే మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. చర్చ వరకు ఒప్పుకున్న కోర్సులో రూమ్మేట్ అడిగితే పద్ధతి నోటితో వివరించండి, ఆ తర్వాత ఎవరి టేబుల్ దగ్గర వాళ్ళు రాసుకోండి. ఫైలు మాత్రం వాట్సాప్‌లో పంపొద్దు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో పెడితే ప్రైవేట్‌గా పెట్టండి. వ్యాసమైతే చదివిన పేజీ మూసేసి సొంత మాటల్లో రాయండి, రాసిన వెంటనే మూలం పక్కన చేర్చండి. నాలుగు పదాలు అటూ ఇటూ మార్చినంత మాత్రాన అది మీ వాక్యం అయిపోదు.

నోటీసు ఇప్పటికే వచ్చేసిందా? గడువులోగా జవాబివ్వండి. స్నేహితులంతా కూర్చుని ఒకే కథ అల్లుకోకండి, దానితో ఇంకా కూరుకుపోతారు. జరిగింది జరిగినట్టు చెప్పండి. మీ డ్రాఫ్టులు, గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ, గిట్ కమిట్లు (కోడ్ ఎప్పుడెప్పుడు మార్చారో చూపే నమోదులు) తీసి పెట్టుకోండి. సస్పెండ్ చేస్తే అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టేటస్ పోతుంది కాబట్టి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మొదటిరోజే వెళ్ళండి. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి. దాచిపెట్టి ఒంటరిగా నలిగిపోయిన పిల్లల్ని చూశాను.

ప్రొఫెసర్ మెయిలుకు జవాబివ్వలేదు

"రెస్పెక్టెడ్ సర్, ఐ హావ్ ఏ డౌట్" అని పంపితే దేని గురించో ఆయనకు తెలియదు. సబ్జెక్ట్ లైనులో కోర్సు నంబరు, లోపల ఏ ప్రశ్న, మీరు ఎంతవరకు చేశారు, ఎక్కడ ఆగారు, ఇవి రాయండి. అప్పటికీ రాకపోతే ఆఫీస్ అవర్స్‌కు వెళ్ళండి. అది బాగా చదవనివాళ్ళ కోసమే అనుకుని చాలామంది గడప తొక్కరు. రికమండేషన్ లెటర్ కావాలన్నప్పుడు మీ ముఖం ఆయనకు గుర్తుండేది అక్కడికి వెళ్తేనే.

ప్రొఫెసర్‌కు మనవాళ్ళంటే పడదు, యాస అర్థం కావట్లేదు అని కూడా చెబుతారు. మొదటిది అరుదు, పైవన్నీ చూసుకున్నాకే ఆలోచించండి. రెండోది వింటూ ఉంటే సర్దుకుంటుంది. కోర్సు కష్టంగా ఉందని డ్రాప్ చెయ్యాలనుకుంటే మాత్రం బటన్ నొక్కకముందే డీఎస్ఓను (అమెరికా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడగండి. అనుమతి లేకుండా క్రెడిట్లు తగ్గితే వీసా మీదికి వస్తుంది.