చెయ్యి ఎక్కడ దిగుతుందో చూసుకోండి

నెల్లూరు, కావలి, ఒంగోలులో ఇంటర్వ్యూల కోసం ఇంగ్లీషు ప్రాక్టీస్ చేస్తున్న పిల్లలకు ఒక మాట. మాట్లాడేటప్పుడు చేతులు కట్టేసుకోవద్దు. 'ఏంది అబ్బయా' అంటూ చేతులూపి మాట్లాడటం మనకు పుట్టుకతో వచ్చిందే, అది పనికొస్తుంది. కాకపోతే మాటలో సరిగ్గా ఏ భాగం దగ్గర చెయ్యి దిగుతుందో గమనించుకోండి.

తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కి పలికినా మాట అర్థం మారదు. ఇంగ్లీషులో అలా కాదు. 'రికార్డ్' మొదటి భాగాన్ని నొక్కితే నామవాచకం, రెండోదాన్ని నొక్కితే క్రియ. ఆ నొక్కును వినేవాళ్లు చెవితోనే కాదు, కంటితో కూడా పట్టుకుంటారు. నెదర్లాండ్స్ పరిశోధకులు హాన్స్ బాస్కర్, డేవిడ్ పీటర్స్ డచ్ మాటలతో చేసి 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే తేలింది. గొంతు అదే ఉంచి, చెయ్యి దిగే క్షణాన్ని మాత్రం జరిపారు. చెయ్యి ఏ భాగం మీద దిగితే, నొక్కు అక్కడే ఉన్నట్టు వినడం ఎక్కువైంది.

అందుకని ముందు డిక్షనరీలో నొక్కు గుర్తు, అంటే ఏ భాగాన్ని నొక్కాలో చూపే చిన్న గీత, చూడండి. 'ప్రెజెంట్', 'ఆబ్జెక్ట్' లాంటి మాటలు తీసుకుని, నొక్కాల్సిన భాగం దగ్గరే చెయ్యి చిన్నగా కిందికి దించుతూ పలకండి. ఫోన్‌లో వీడియో తీసి స్లో మోషన్‌లో చూస్తే తేడా తెలిసిపోతుంది. ప్రతి మాటకీ ఊపొద్దు, ముఖ్యమైన వాటికి చాలు.

వీడియో ఇంటర్వ్యూ అయితే చేతులు ఛాతీ ఎత్తులో కెమెరాకు కనపడేలా కూర్చోండి. నెట్ సరిగా లేక బొమ్మ ఆలస్యంగా వెళ్తుంటే మాత్రం చేతులు కదపకపోవడమే మేలు.