పైరవీ ఎవరు చేశారో కాగితం మీద రాబట్టడం ఎలా

రొయ్యల చెరువు రైతు కరెంటు రేటు గురించి అర్జీ పట్టుకుని వెళ్తే దాని మీద స్టాంపు పడుతుంది, నంబరు పడుతుంది. అదే ఆఫీసుకి పెద్ద కంపెనీ మనిషి వచ్చి ఏసీ గదిలో గంటసేపు మాట్లాడి వెళ్తే ఎక్కడా ఒక్క అక్షరం పడదు. నాకు మండేది ఇక్కడే. మన సంఘం మహజరు ఇచ్చినా పైరవీయే, అది తప్పు కాదు, చాటున చెయ్యడమే తప్పు.

మన దేశంలో లాబీయింగ్‌కి, అంటే ఈ పైరవీకి, ప్రత్యేక చట్టం లేదు. 2013లో లోక్‌సభలో ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అమెరికాలో మాత్రం 1995 నుంచే చట్టం ఉంది, ఏ కంపెనీ ఏ విషయం మీద ఎంత ఖర్చుపెట్టి లాబీయింగ్ చేసిందో లెక్క చూపాలి. ఇండియా మార్కెట్ గురించి కూడా లాబీయింగ్ చేసినట్టు వాల్‌మార్ట్ అక్కడ ఇచ్చిన లెక్కల్లో ఉండబట్టే 2012లో మన పార్లమెంటులో గొడవైంది, విచారణ కమిటీ వేశారు. మన సంగతి మనం పరాయి దేశం కాగితాల్లో చదువుకోవాల్సి వచ్చింది!

సరే, చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నది 2005 నాటి సమాచార హక్కు చట్టం. ముందు మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన ఒక్క జీవో తీసుకోండి, నంబరు, తేదీ రాసుకోండి. దరఖాస్తులో "ఎందుకిలా చేశారు" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. ఆ జీవోకి సంబంధించిన నోట్ ఫైలు (అధికారులు తమ అభిప్రాయాలు రాసుకునేది), దాని మీద వచ్చిన వినతిపత్రాలు, మీటింగుల మినిట్స్, వాటి నకళ్లు అడగండి. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు గడువు, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు. "కంపెనీ వ్యాపార రహస్యం" అని తిప్పి పంపితే భయపడొద్దు, ప్రజాప్రయోజనం అంతకంటే పెద్దదైతే ఇవ్వొచ్చని సెక్షన్ 8లోనే ఉంది, అప్పీల్లో ఆ మాటే రాయండి.

నకళ్లతో పాటు ఫైలు తనిఖీ కూడా అడగండి, మొదటి గంట ఉచితం. నేనొకసారి అట్టాగే ఒక ఆఫీసులో కూర్చుని ఫైలు తిరగేశాను. ట్యాగు కట్టిన అట్ట, కుడివైపు ఉత్తరాలు, ఎడమవైపు నోట్లు. కింది గుమస్తా "నిబంధనలు ఒప్పుకోవు" అని రాశాడు, దాని కింద పచ్చ ఇంకుతో "చర్చించిన ప్రకారం మార్చి సమర్పించండి" అని ఉంది. ఎవరితో చర్చించారు, ఏ రోజు? పేజీ అటూ ఇటూ తిప్పి చూశాను, పేరు లేదు. ఆ తర్వాతి పేజీ నుంచి నోటు మొత్తం మారిపోయింది.

కాబట్టి సంస్కరణ అడిగేటప్పుడు గాలిలో మాట్లాడకుండా ఈ ఒక్క చోట పట్టుకోండి. ఫైలులో "చర్చించిన ప్రకారం" అని రాస్తే చర్చించిన వాళ్ల పేరు, సంస్థ, తేదీ రాయాలి, అవి ఎక్కించిన రిజిస్టరు నెలనెలా వెబ్‌సైటులో పెట్టాలి. డ్రాఫ్ట్ బిల్లుల్ని కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్రం 2014లోనే విధానం తెచ్చింది, మన రాష్ట్రంలోనూ అట్టాగే తెలుగులో పెట్టి, వచ్చిన సలహాలు ఎవరివో కూడా చూపించమనండి.

కుదరదు అంటారు. అప్పుడు చీమకుర్తి వైపు క్వారీలకి పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సంగతి చెప్పండి. 2006 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం దాన్ని వీడియో తియ్యాలి, జనం చెప్పిందంతా రాసుకుని చివర్లో తెలుగులో చదివి వినిపించాలి. ఎండలో టెంటు కింద రైతు మాట్లాడింది రికార్డు చెయ్యగలిగినప్పుడు పేషీలో కంపెనీ మాట్లాడింది రాయడానికి అడ్డమేంటి?

ఈ కోరికలతో అర్జీ రాసి, జనం అర్జీలు తీసుకునే సోమవారం ఒంగోలు, నెల్లూరు కలెక్టరేట్లలో ఇచ్చి రసీదు తీసుకోండి. కాకపోతే రూలు మార్చేది రాష్ట్ర ప్రభుత్వమే కాబట్టి, ఒక కాపీ మీ ఎమ్మెల్యేకి ఇచ్చి అసెంబ్లీలో ప్రశ్న వెయ్యమని అడగండి. ఒక్కరే వెళ్లొద్దు, చెరువు రైతులు, పొగాకు రైతులు, క్వారీ పక్క ఊళ్లవాళ్లు కలిసి సంతకాలు పెట్టి వెళ్లండి.