భార్యో భర్తో తాగుతుంటే: ఇంట్లో ఉన్నవాళ్లు చేయగలిగింది

మత్తులో ఉన్న మనిషితో తాగుడు గురించి మాట్లాడకండి. మీకు ఎంత కోపం ఉన్నా, మీ మాట ఎంత న్యాయమైనదైనా, ఆ రాత్రికి నోరు కట్టేసుకోండి. మత్తులో ఇచ్చిన మాట తెల్లవారేసరికి వాళ్లకు గుర్తుండదు. మీకు మాత్రం గుర్తుంటుంది, తప్పిన మాటల లెక్కలో అదొకటి చేరుతుంది. ఏమీ చేయలేకపోయినా ఈ ఒక్కటి పాటించి చూడండి, ఇంట్లో గొడవలు తగ్గుతాయి.

నా భార్య చాలా ఏళ్లు తాగింది. భర్త తాగితే నలుగురూ ఆ ఇల్లాలి మీద జాలిపడతారు. భార్య తాగితే ఆ సంగతి తోడబుట్టిన వాళ్లకు చెప్పడానికి కూడా నోరు రాదు. అలా దాచినకొద్దీ వైద్యం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం ఆడవాళ్లకు మరీ చేటు. వాళ్ల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి, మగవాళ్లు తాగినంతే తాగినా రక్తంలో ఆల్కహాలు ఎక్కువగా చేరుతుంది, కాలేయం తొందరగా దెబ్బతింటుంది. నేను రాసే మిగతా విషయాలన్నీ తాగేది భార్య అయినా భర్త అయినా ఒకేలా వర్తిస్తాయి.

ఇది సరదా తాగుడా, వ్యసనమా అన్న వాదనలో ఏళ్లు గడిచిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే ప్రశ్నావళి ఒకటి ఉంది. 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 వచ్చిందంటే జాగ్రత్త పడాలి, 20 చేరితే వ్యసనంగా మారి ఉండవచ్చని వైద్యులు లోతుగా పరీక్షిస్తారు. దాన్ని నింపవలసింది తాగే మనిషే కాబట్టి మీరు మార్కులు లెక్కగట్టి మొహాన కొట్టకండి. అందులోని ప్రశ్నలు మాత్రం మీ కళ్లకు పనికొస్తాయి: మొదలుపెడితే ఆపలేకపోతున్నారా? పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ పని మొదలు కావడం లేదా? రాత్రి జరిగింది గుర్తుండటం లేదా? చూసినదాన్ని తేదీతో సహా రాసిపెట్టుకోండి. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు "బాగా తాగుతుంది" అనే మాట కంటే ఆ కాగితం ఎంతో ఉపయోగం.

ఇప్పుడు ప్రాణాపాయానికి సంబంధించిన సంగతి. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చేయకండి. సీసాలన్నీ సింకులో ఒంపేయడం కూడా అలాంటి ప్రయత్నమే. నా భార్య ఒకసారి పట్టుదలతో తనంతట తానే ఆపేసింది. మర్నాడు సాయంత్రానికి మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయింది. రెండు చేతులూ చుట్టి పట్టుకున్నా పళ్లకు గ్లాసు టకటకా తగులుతోంది, నీళ్లన్నీ ఒళ్లో ఒలికిపోతున్నాయి. "గోడ మీద ఏవో పాకుతున్నాయండీ, దులపండి" అంది. గోడ మీద ఏమీ లేదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. సాధారణంగా మొదటి 48 గంటల్లో మూర్ఛలు రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి, లేనివి కనిపించే స్థితి రావచ్చు, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. ఆసుపత్రిలో వణుకును, మూర్ఛను అదుపు చేసే మందులతో పాటు థయామిన్, అంటే బి1 విటమిన్ ఇస్తారు. అది అందకపోతే మెదడుకు శాశ్వతంగా నష్టం జరగవచ్చు. కాబట్టి మానడం మంచిదే, వైద్యుల కనుసన్నల్లో మానాలి.

మీకు సలహా ఇచ్చేవాళ్లలో ఎవరో ఒకరు "తెలియకుండా తిండిలో బిళ్ల కలిపి పెట్టండి" అని తప్పకుండా అంటారు. వినకండి. వాళ్లు చెప్పేది సాధారణంగా డైసల్ఫిరామ్ గురించి. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. మందు ఆపిన రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉండవచ్చు. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వేసుకునేవాళ్లకు అది ఆసరా. తెలియకుండా పెడితే గుండె జబ్బు ఉన్న మనిషి ప్రాణం పోవచ్చు, మీ మీద నమ్మకం ఎలాగూ పోతుంది. తాగాలన్న యావను తగ్గించే నాల్ట్రెక్సోన్, మానినవాళ్లు మళ్లీ మొదలుపెట్టకుండా సాయపడే అకాంప్రొసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. ఎవరికి ఏది సరిపడుతుందో మానసిక వైద్యులు కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి చెబుతారు.

ఇంట్లో మీ చేతిలో నిజంగా ఉన్నది ఏమిటంటే, తాగుడు వల్ల వచ్చే కష్టాన్ని ఎవరు మోయాలన్నది. పొద్దున్న లేవలేక, "ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని చెప్పండి" అని నా భార్య అడిగేది. "ఫోను నీ పక్కనే ఉంది. ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నేను అబద్ధం చెప్పను" అని గొంతు పెంచకుండా చెప్పి కాఫీ పెట్టడానికి వెళ్లిపోయేవాణ్ని. అందులో శిక్ష లేదు, ఎత్తిపొడుపు లేదు. తాగుడు చేసిన అప్పు మీరు తీర్చకండి, తాగుడు చెడగొట్టిన పని మీరు చక్కబెట్టకండి. ప్రాణానికి ముప్పు ఉన్నచోట మాత్రం ఈ నియమం చెల్లదు. తాగి బండి ఎక్కబోతే తాళాలు తీసుకోండి. మత్తులో పడి ఉన్న మనిషిని వెల్లకిలా వదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా ఉంటుంది. ఎంత పిలిచినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే అంబులెన్సును పిలవండి.

దీనికి రెండో వైపు ఉంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. తాగని సాయంత్రం మీరు ఎలా ఉంటున్నారు? ఆ రోజు కూడా ముభావంగా ఉండి పాత లెక్కలు తీస్తే, తాగకపోవడం వల్ల ఆ మనిషికి దొరికిందేమిటి? తాగని పూట దగ్గర కూర్చోండి, కలిసి నడవండి, "ఇవాళ నీతో ఇలా మాట్లాడటం బాగుంది" అని పైకి చెప్పండి. తాగడం మొదలవగానే కోపం లేకుండా లేచి వేరే గదిలోకి వెళ్లండి. ఇది నేను కల్పించిన చిట్కా కాదు. క్రాఫ్ట్ అనే పద్ధతిలో కుటుంబ సభ్యులకు నేర్పేవాటిలో ఇదొక ముఖ్య భాగం. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, చికిత్సకు ససేమిరా అన్నవాళ్లలో 64 శాతం మంది, ఇంటివాళ్లు ఈ పద్ధతి నేర్చుకున్నాక చికిత్సకు వచ్చారు. బంధువులందరూ చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతికి అది 30 శాతం మాత్రమే. ఆ నిలదీసే పంచాయతీల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు.

అడిగే మాట చిన్నదిగా ఉండాలి, ఒక్క సంఘటన గురించే ఉండాలి. "నిన్న పాప లెక్కల పుస్తకం పట్టుకుని నీ దగ్గరకు వచ్చింది. నువ్వు లేవలేకపోయావు. నాకు చాలా బాధ వేసింది. నాతో డాక్టర్ దగ్గరకు వస్తావా?" ఇంతే. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాట చేరిందో, సంభాషణ అక్కడితో చచ్చిపోతుంది. "సరే" అనే క్షణం వస్తే అది కొన్ని గంటలకు మించి నిలవదు. ఏ డాక్టర్, ఏ సమయం, పిల్లల్ని ఎవరు చూస్తారు అన్నవి ముందే కుదుర్చుకుని ఉంచుకోండి.

పిల్లలకు అబద్ధాలు చెప్పకండి, వాళ్లకు అన్నీ తెలుస్తూనే ఉంటాయి. "అమ్మకు ఒక జబ్బు ఉంది. అది నీ వల్ల రాలేదు. నువ్వు తగ్గించలేవు. డాక్టర్లు చూస్తారు." సీసాలు వెతికే పని, కాపలా కాసే పని వాళ్లకు ఎప్పుడూ అప్పగించకండి.

మీ కోసం కూడా ఒక చోటు ఉండాలి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు ఆసరాగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాల స్థాపకుల్లో ఒకరైన బిల్ విల్సన్ భార్య లోయిస్, మరొక సభ్యుడి భార్యతో కలిసి 1951లో ఆల్-అనాన్ పేరుతో కుటుంబ సభ్యుల కోసం వేరే బృందాలు మొదలుపెట్టారు. అక్కడికి వెళితే మీ మనిషి తాగడం మానేస్తుందని ఆశించి వెళ్లకండి. మీరు మళ్లీ నిద్రపోవడానికి వెళ్లండి.

చెయ్యి చేసుకోవడం మొదలైతే పైన రాసినదంతా పక్కన పెట్టండి. పిల్లలతో సహా బయటకు రండి. ముఖ్యమైన కాగితాలు, కొంత డబ్బు, మీరు నమ్మే ఒక మనిషి ఫోను నంబరు ముందే సిద్ధంగా పెట్టుకోండి. కాపురం గురించి ఆలోచించేది ప్రాణం భద్రంగా ఉన్నాకే.

మానిన తర్వాత అంతా సర్దుకుంటుందని అందరూ అనుకుంటారు. మొదటి నెలలు నిజానికి చాలా బరువుగా గడుస్తాయి. ఆలస్యంగా వస్తే అనుమానం, పక్కన కూర్చుంటే వాసన చూడాలన్న తపన, నిఘా భరించలేక ఆమెకు కోపం. మళ్లీ తాగడం కూడా చాలామందికి జరుగుతుంది. అలా జరిగితే ఎవరికి ఫోను చేయాలో, ఎన్ని గంటల్లో డాక్టర్‌ను కలవాలో బాగున్న రోజుల్లోనే ఇద్దరూ కూర్చుని రాసుకోండి. మాకు ఎక్కువ సాయపడింది దంపతులకు కౌన్సెలర్లు నేర్పే ఒక చిన్న పని. రోజూ ఒకే సమయానికి ఎదురెదురుగా కూర్చుంటాం. "నిన్న తాగలేదు, ఇవాళ తాగను" అని ఆమె చెబుతుంది. "నిన్న తాగనందుకు సంతోషం" అని నేను చెబుతాను. నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలో పాత సంగతులు ఎత్తకూడదు, రేపటి గురించి ప్రమాణాలు అడగకూడదు. మిగిలిన కోపం, అప్పులు, ఫిర్యాదులు కౌన్సెలర్ దగ్గరకు వెళ్లే రోజుకు వాయిదా వేసుకోవాలి.