గ్రూపు ప్రాజెక్టులో కోడరు – 4వ పాఠం: ‘ఒక్క బటనే కదా!’

పోయిన పాఠం చదివి మీలో కొందరు బాగానే ఇరుక్కున్నారు. సగం తప్పు నాదే. పనికి ఎన్ని రోజులు పడుతుందనిపిస్తే దానికి రెట్టింపు చెప్పమన్నాను. ఒడిశాలోని గుణుపురం నుంచి ఒకమ్మాయి రాసింది: ‘ఇరవై అన్నాను సార్. గ్రూపువాళ్ళు పదికి తెగ్గొట్టారు. నేను మనసులో అనుకున్నదీ పదే కదా అని ఊరుకున్నాను. పద్దెనిమిది పట్టింది. ఇప్పుడు ముందు చెప్పిందీ అబద్ధమే, తర్వాత ఒప్పుకున్నదీ అబద్ధమే అంటున్నారు.’

బరంపురం కుర్రాడిది ఇంకో కథ. గ్రూపులో ‘కుదరదు’ అని ఒక్క ముక్క పెట్టి మూడు రోజులు ఫోను ఆపేశాడట. బాబూ, నేను కుదరదని చెప్పమన్నాను గానీ మాయమైపొమ్మనలేదు.

ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే. రోజుల లెక్క ఒక్కటే చెబితే అది సంతలో వంకాయల ధర అయిపోతుంది. చెప్పిన ధరకి ఎవరు కొంటారు? అందుకే రోజులు చెప్పకండి, పనులు చెప్పండి. హాస్టల్ మెస్ యాప్ అనుకుందాం. లాగిన్ రెండు రోజులు, మెనూ పేజీ ఒకటి, హాజరు మూడు, నెల బిల్లు నాలుగు, బిల్లు పీడీఎఫ్ మూడు. మొత్తం పదమూడు. ‘మనకి పదే ఉన్నాయిరా’ అంటారు. ‘సరే, ఏది తీసేద్దాం?’ అని కాగితం వాళ్ళ ముందుకి తోసి, మీ టీ మీరు తాగండి. రెండు నిమిషాల్లో పీడీఎఫ్ వాళ్ళే కొట్టేస్తారు. కొట్టేసింది వాళ్ళు కాబట్టి రేపు డెమోలో మిమ్మల్ని అడగరు.

ఈ కాగితం చేత్తోనే రాయండి. ఎక్సెల్‌లో పెడితే ఎవడో ఒకడు రాత్రికి రాత్రి అంకెలు మార్చేస్తాడు. వాయిస్ మెసేజ్‌లో వచ్చిన కోరికని నేనైతే కోరికగానే లెక్కపెట్టను. గిట్ (కోడ్ పాత రూపాల్ని దాచే సాధనం) వాడటం, రోజూ సేవ్ చేయడం లాంటివి మళ్ళీ చెప్పను.

‘లేటవుతోందిగా, ఇంకొకణ్ణి కోడింగ్‌లో కలుపుతాం’ అంటే మాత్రం జాగ్రత్త. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. నలుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 6, ఐదుగురైతే 10. పైగా ఆ కొత్తవాడికి నేర్పాల్సింది మీరే.

ఇక నన్ను కాల్చుకుతినే మాటకొద్దాం. గ్రూపంతా కూర్చుని బరా, ఘుగుని (గారెలు, బఠానీ కూర) తింటూ ఉంటారు. ఒడియా నేస్తం ‘హెయిజిబొ’ అంటాడు, మనోడు ‘అయిపోద్దిలే’ అంటాడు. రెండింటికీ అర్థం నువ్వు చేసేస్తావనే. తర్వాత వస్తుంది: ‘పైన ఒక్క బటన్ పెట్టు. నొక్కితే ఒడియా, నొక్కితే తెలుగు.’

కోరిక న్యాయమైనదే. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకొచ్చింది, ఆ జమీలో కొంత అటు మద్రాసు వైపే ఉండిపోయింది. మన గ్రూపుల్లో రెండు భాషలూ ఉంటాయి. కానీ అది ఒక్క బటన్ కాదు. బటన్ పది నిమిషాలు. దాని వెనకాల చూడండి.

ప్రతి పేజీలో నేరుగా రాసేసిన మాటలన్నీ బయటికి తీసి, ఇంగ్లిష్‌తో కలిపి మూడు భాషల్లో పెట్టాలి. ఆ అనువాదం ఎవరు చేస్తారో ఎవరూ చెప్పరు. పేరులో ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలని మొదటి వారంలో మీరే పెట్టిన చెక్ తెలుగు పేరుని లోపలికి రానివ్వదు. అది తీసేస్తే, వివరాలన్నీ దాచే డేటాబేస్ దగ్గర ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో 5.7 వెర్షన్ వరకూ డీఫాల్ట్ లాటిన్1, అంటే ఇంగ్లిష్ లాంటి యూరప్ అక్షరాలకే చోటున్న పద్ధతి. అది మార్చకపోతే ఎర్రరైనా కొడుతుంది, పేరుండాల్సిన చోట ‘?????’ అయినా కనిపిస్తుంది. మా పిల్లలొకరికి ఇది సరిగ్గా డెమో రోజున, ఎగ్జామినర్ సొంత పేరు టైప్ చేసినప్పుడు కనిపించింది.

అదీ సర్దారనుకోండి. పేర్లు వరసలో పెడితే ఒడియా పేర్లన్నీ పైన, తెలుగువన్నీ కింద. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒడియా 0బీ00 దగ్గర మొదలవుతుంది, తెలుగు దాని తర్వాత 0సీ00 దగ్గర. ఇందులో రాజకీయం లేదు, కానీ గ్రూపులో అవుతుంది. ‘మావాళ్ళంతా అడుగునెందుకురా?’ అని అడిగేది మీ పక్కనోడే. కొట్టేసిన పీడీఎఫ్‌ని ఎవరైనా మళ్ళీ తెచ్చారా, అక్కడ ‘లక్ష్మి’లో వత్తులు విడిపోయి పొల్లులు వేలాడతాయి, ఎందుకంటే పీడీఎఫ్ తయారుచేసే చాలా లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) మన అక్షరాలని కలిపి రాయలేవు.

కాబట్టి ‘కుదరదు’ అనకండి. ‘బటన్ ఇవాళే పెడతాను. దాని వెనక ఐదు పనులున్నాయి, ఇదిగో’ అని రాసి చూపించండి. నా అలవాటు చెప్పనా? మెనూ పేజీ ఒక్కదానికే రెండు భాషలు ఇస్తాను. డెమోలో అందరూ నొక్కేది అక్కడే.

అభ్యాసం: మీ గ్రూపులో ఈ వారం వచ్చిన ‘చిన్న’ కోరిక ఒకటి తీసుకోండి. దానికోసం తెరవాల్సిన ఫైళ్ళన్నీ, ఫైలుకి ఒక వాక్యం చొప్పున రాయండి. ‘డేటాబేస్’, ‘ఫైల్’ లాంటి ఒక్క ఇంగ్లిష్ మాటా వాడకుండా కోడింగ్ రాని తెలుగువాడికి చదివి వినిపించండి. తర్వాత అదే ఒడియా నేస్తానికి, ఒడియాలో. ఇద్దరూ తిరిగి మీకు చెప్పగలిగేదాకా కోడ్ ముట్టుకోవద్దు. నాకు మొదటిసారి నాలుగు సాయంత్రాలు పట్టింది.