తక్కువ ఖర్చులో లైట్‌సేబర్ పిడి

స్టార్ వార్స్ సినిమాల్లోని లైట్‌సేబర్ (వెలుగు కత్తి) కావాలని అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: వెలిగే బ్లేడ్ ఆలోచన పక్కన పెట్టి, ముందు పిడి ఒక్కటే సంపాదించండి. ఖర్చు పెరిగేది సౌండ్ బోర్డు, లిథియం బ్యాటరీ, బ్లేడ్ పొడవునా పరిచే ఎల్‌ఈడీల దగ్గరే. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికి ఇవేవీ అక్కర్లేదు.

ఆ పిడి పుట్టుక తెలిస్తే ఇంకా ధైర్యం వస్తుంది. 1977 నాటి మొదటి సినిమాకి సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్. చేతిలో డబ్బు తక్కువ. లండన్‌లో ఒక కెమెరా షాపులో ఆయనకు పాత గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ హ్యాండిళ్లు దొరికాయి. ప్రెస్ ఫొటోగ్రాఫర్లు కెమెరా పక్కన బిగించుకునే గొట్టం అది, లోపల మూడు పెద్ద టార్చి సెల్స్ పడతాయి. దానికి నల్లటి పట్టీలు అంటించి, గొట్టం చుట్టూ బిగించే క్లాంప్‌లో కాలిక్యులేటర్ డిస్‌ప్లే మీది బుడగల ప్లాస్టిక్ ముక్క దూర్చి, అడుగున రింగు తగిలించారు. సినిమా హీరో ల్యూక్ ఆయుధం అలా తయారైంది. అసలుదే పాత సామానుతో చేశారు కాబట్టి, మనం చేసుకున్నది ఏ రకంగానూ తక్కువది కాదు. నాకు దీని మీద ఇంత మోజు అందుకే.

అలాగని నిజమైన గ్రాఫ్లెక్స్ కొని దానికి బెజ్జాలు కొట్టకండి. అమెరికాలో రోచెస్టర్ నగరంలోని కంపెనీ చేసిన ఆ హ్యాండిళ్లు మళ్లీ రావు. పాత కెమెరాలు దాచుకునేవాళ్లకు వాటిని వదిలేద్దాం.

త్రీడీ ప్రింట్ చవక, కానీ చేతికి బరువు తగలదు. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో చేసినదైతే ఎండలో కారులో వదిలేస్తే వంగిపోతుంది. నా ఓటు అల్యూమినియం పైపుకే. సుమారు ఒకటిన్నర అంగుళాల వ్యాసం ఉన్న ముక్క కొని, హైదరాబాద్ బాలానగర్‌లో ఏదైనా చిన్న లేత్ షాపుకు తీసుకెళ్లండి. సినిమా పేరు చెప్పినా లాభం లేదు. కొలతలు వేసిన కాగితం చేతిలో పెట్టండి. రెండు ముక్కలుగా కోయించి, చివరలు నునుపు చేయించి, మెరుపు వచ్చేలా బఫింగ్ పట్టించండి. క్రోమ్ స్ప్రే మాత్రం వద్దు, వేలు తగిలితే మసకబారుతుంది. పట్టీలకు నల్ల రబ్బరు బీడింగ్ చాలు.

ఇక పాతదనం. పలచటి నల్ల అక్రిలిక్ రంగు పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. సందుల్లో మిగిలినదే మురికిలా కనిపిస్తుంది. చెయ్యి పట్టే చోట మెరుపు అలాగే ఉండాలి, ఎందుకంటే వాడే వస్తువు అక్కడ అరిగి మెరుస్తుంది. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే: పిడంతా ఒకేలా నల్లగా చేసేస్తారు.

రెడీమేడ్‌ది విదేశం నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి. ఆర్డర్ పెట్టేముందు క్లాంప్‌ను దగ్గరగా తీసిన ఫొటో అడగండి. దాని లివర్ విడిగా కదిలేలా ఉంటే కొనండి, గొట్టంతో కలిపి పోత పోసి ఉంటే వదిలేయండి.