హైడ్రోజన్ బంధం, మూడవ పాఠం: దాత ఎవరు, గ్రహీత ఎవరు?

నీరు, ఇథనాల్, డైమిథైల్ ఈథర్, అసిటోన్. ఈ నాలుగింటిలో, వేరే ఏదీ కలవకుండా ఉన్నప్పుడు, తమ అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువుకూ మధ్య ఆకర్షణ) ఏర్పరచుకునేవి ఏవని గత పాఠం చివర అడిగాను. వచ్చిన జవాబులలో ఎక్కువ భాగం నాలుగింటికీ టిక్కు పెట్టాయి. సరైన జవాబు నీరు, ఇథనాల్ మాత్రమే. ఈ తడబాటు తీరకుండా ముందుకు వెళితే డీఎన్ఏ అసలు అర్థం కాదు కాబట్టి, ఈసారికి అనుకున్న ప్రోటీన్లను పక్కన పెట్టి ఇక్కడే ఆగుదాం.

తప్పంతా "నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్‌లలో ఏదో ఒకటి ఉంటే హైడ్రోజన్ బంధం ఉన్నట్టే" అని కంఠస్థం చేసిన వాక్యంలో ఉంది. పరీక్షల గైడ్లలో ఈ వాక్యం కనిపించినప్పుడల్లా నాకు చిరాకు కలుగుతుంది, ఎందుకంటే అందులో సగం విషయమే ఉంది. ఈ బంధానికి రెండు పక్షాలు కావాలి. ఒక పక్షాన, ఆ మూడు మూలకాలలో ఒకదానికి నేరుగా అతుక్కుని ఉన్న హైడ్రోజన్ ఉండాలి. దానిని మోసే భాగం దాత. రెండవ పక్షాన, ఆ హైడ్రోజన్‌ను ఆకర్షించగల ఒంటరి ఎలక్ట్రాన్ జంట, అంటే ఏ బంధంలోనూ చేరని రెండు ఎలక్ట్రాన్లు, ఉండాలి. అది ఉన్న పరమాణువు గ్రహీత. అసిటోన్‌లో ఆక్సిజన్ ఉంది, ఆరు హైడ్రోజన్లూ ఉన్నాయి. కానీ ఆ ఆరూ కార్బన్‌కే అతుక్కుని ఉన్నాయి. అంటే అందులో గ్రహీత ఉంది, దాత లేదు. డైమిథైల్ ఈథర్ పరిస్థితీ అంతే. ఇథనాల్‌కూ ఈథర్‌కూ అణు ఫార్ములా ఒక్కటే అయినా, మొదటిది 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండవది మైనస్ 24 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఇథనాల్‌లో ఒక్క హైడ్రోజన్ ఆక్సిజన్ మీద ఉండటం వల్ల వచ్చిన తేడా ఇది.

"మరి అసిటోన్ నీటిలో ఏ నిష్పత్తిలోనైనా కలుస్తుంది కదా" అన్నది కొందరి అభ్యంతరం. కలుస్తుంది, ఎందుకంటే అక్కడ హైడ్రోజన్‌ను ఇచ్చేది నీరు. "అది 56 డిగ్రీల వరకూ మరగదు కదా" అన్నది మరో అభ్యంతరం. దానికి కారణం కార్బన్–ఆక్సిజన్ ద్విబంధం వల్ల అణువుకు వచ్చిన ధ్రువత్వం, అంటే ఒక కొస కొంచెం ధన, మరో కొస కొంచెం ఋణ ఆవేశంతో ఉండటం. ధ్రువత్వం ఉన్న ప్రతిచోటా హైడ్రోజన్ బంధం ఉండదు. కార్బన్ మీది హైడ్రోజన్ ఎన్నడూ దాత కాదా అంటే, క్లోరోఫాంలో అవుతుంది: మూడు క్లోరిన్‌లు ఎలక్ట్రాన్‌లను లాగడం వల్ల అందులోని ఒకే ఒక్క హైడ్రోజన్ అసిటోన్ ఆక్సిజన్‌తో బంధం కలుపుకుంటుంది, ఆ రెండూ కలిసినప్పుడు మిశ్రమం వేడెక్కుతుంది. ఇది మినహాయింపు, ముందు సూత్రం వంటబట్టాక దీనిని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక ఒక్కో అణువుకు సగటున ఎన్ని బంధాలు వస్తాయన్న లెక్క. నేను ఎప్పుడూ వాడే అడ్డదారి ఇది: ఒక అణువులో దాతగా పనికివచ్చే హైడ్రోజన్లను, గ్రహీతగా పనికివచ్చే ఒంటరి జంటలను విడివిడిగా లెక్కపెట్టి, తక్కువగా ఉన్న సంఖ్యను తీసుకుంటాను. అమ్మోనియాలో హైడ్రోజన్లు మూడు, ఒంటరి జంట ఒకటి. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో హైడ్రోజన్ ఒకటి, జంటలు మూడు. రెండింటిలోనూ అణువుకు సగటున ఒక్క బంధమే లెక్కకు వస్తుంది. నీటిలో హైడ్రోజన్లు రెండు, జంటలూ రెండు, కాబట్టి రెండు బంధాలు. అందుకే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో విడి బంధం నీటిలోని దానికంటే బలమైనదే అయినా, అది దాదాపు 20 డిగ్రీలకే మరుగుతుంది, నీరు 100 డిగ్రీల వరకూ ఆగుతుంది. మంచుగడ్డలో ప్రతి అణువూ రెండు బంధాలు ఇచ్చి, రెండు పుచ్చుకుని, నాలుగు దిక్కులా చేతులు చాచినట్టు నిలబడటంతో మధ్యలో ఖాళీ మిగిలిపోతుంది. మంచు నీటి మీద తేలడానికి కారణం అదే.

డీఎన్ఏలోని రెండు పోగులను అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాలు జతలుగా హైడ్రోజన్ బంధాలతో కలుపుతాయి. అక్కడ బంధాల సంఖ్య ఒక్కటే చాలదు, దాత, గ్రహీతల వరుస కూడా కుదరాలి. అడెనిన్ అంచున వరుసగా దాత, గ్రహీత ఉంటే, ఎదుటి థైమిన్‌లో గ్రహీత, దాత ఉంటాయి. గ్వానిన్‌లో గ్రహీత, దాత, దాత; సైటోసిన్‌లో దాత, గ్రహీత, గ్రహీత. అడెనిన్ ఎదుట సైటోసిన్‌ను ఇదే తీరున పెట్టి చూస్తే దాతకు ఎదురుగా దాతే వస్తుంది, జత కుదరదు. 1953లో క్రిక్‌తో కలిసి డీఎన్ఏ నిర్మాణాన్ని వెతుకుతున్న వాట్సన్ మొదట ఈ వరుస దగ్గరే చిక్కుకున్నాడు. ఆనాటి పాఠ్యపుస్తకాలు గ్వానిన్, థైమిన్‌లను ఈనాల్ రూపంలో చూపేవి. ఆ రూపంలో హైడ్రోజన్ నైట్రోజన్‌ను వదిలి ఆక్సిజన్ మీదికి చేరుతుంది కాబట్టి దాత గ్రహీతగా, గ్రహీత దాతగా మారిపోతాయి. రసాయన శాస్త్రవేత్త జెర్రీ డోనహ్యూ అవి కీటో రూపంలో (హైడ్రోజన్ నైట్రోజన్ మీదే ఉన్న రూపంలో) ఉండాలని చెప్పిన తరువాతే జతలు కుదిరాయి. అప్పటికీ వాట్సన్, క్రిక్ గ్వానిన్–సైటోసిన్ జతకు రెండు బంధాలే చూపించారు. మూడవ బంధాన్ని 1956లో రసాయన శాస్త్రవేత్తలు పౌలింగ్, కోరీ చూపించారు.

అభ్యాసం. మిథైల్ ఎమీన్, ట్రైమిథైల్ ఎమీన్, గ్లిసరాల్‌లకు పై లెక్క వేయండి. ఆ తరువాత థైమిన్‌ను ఈనాల్ రూపంలో గీసి, అది నాలుగు క్షారాలలో దేనితో జతకడుతుందో, ఎన్ని బంధాలతోనో చూపండి. పుస్తకం చూడకుండా గీయాలి. గంట పట్టినా ఫరవాలేదు.